అటక మీది పచ్చచుక్కలు

ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే మనుషులు కొందరుంటారు. వాళ్లతో కలిసి బతకడం సుఖం. పోట్లాడటం మాత్రం నరకం. ఎందుకంటే వాళ్లు ఏనాడో మనమన్న మాటను కూడా ఇస్త్రీ చేసి మడతపెట్టి దాచుకుంటారు, సమయం రాగానే తీసి మన ముందు పెడతారు. అద్దాలక్క ఆ జాతి మనిషి. చిన్నప్పుడే చెల్లెలు ఆమెకు బీరువా అని పేరు పెట్టింది. అద్దాలక్క అన్నది తర్వాత దుకాణంలో వాళ్లు పెట్టిన పేరు.

ఆమె పని కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో. ముందు గదిలో కళ్ల డాక్టరమ్మ పరీక్ష చేసి చీటీ రాస్తుంది. దాని ప్రకారం వచ్చిన గుండ్రటి అద్దం మీద కంటిపాప ఎక్కడికొస్తుందో చూసి గుర్తు పెట్టి, యంత్రంలో బిగించి, ఫ్రేము ఆకారానికి అరగదీయాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లకి తలనొప్పి పుడుతుంది. యంత్రం లోపల నీళ్లు చిమ్ముతుంటాయి, తెల్లటి బురద కారుతుంటుంది, చెవులు గింగురుమంటుంటాయి. అది తిరుగుతున్నంతసేపూ ఎవరేమన్నా వినపడదు. అది ఆగాక మాట్లాడేవాళ్లుండరు.

ఇంటికెళ్తే మూడో అంతస్తులో రెండు గదులు, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఆమె కూర్చుంటే రెండో దాంట్లో ఆమె చేతిసంచి కూర్చునేది. పక్కింటి టీవీలో ఎవరో నవ్వితే, దేనికి నవ్వి ఉంటారా అని ఆలోచిస్తూ భోంచేసేది. ఒంటరితనం అంటే ఏదో పెద్ద ఏడుపు అనుకుంటాం గానీ చాలావరకు ఇదే. ఎవరో నవ్వుతుంటారు, ఎందుకో మనకి తెలియదు.

ఇక అటక సంగతి. అటక అంటే ఇంటి అటక కాదు. లింకులూ ఫైళ్లూ దాచుకునే ఒక సైటుకి అక్కాచెల్లెళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. ఇంటర్నెట్లో ఏ పేజీ నచ్చినా దాని లింకును తెచ్చి అందులో పడెయ్యొచ్చు. ఫోల్డర్లు చేసి సర్దుకోవచ్చు. కావాలంటే ఒక ఫోల్డరును ఇంకొకరితో షేర్ చేసుకోవచ్చు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది అద్దాలక్కే. ఆ చెల్లెలు పెద్దదై, పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం వచ్చి వేరే ఊరు బయల్దేరుతూ, అక్క కంప్యూటర్లో ఈ ఖాతా తెరిచి పెట్టింది.

"ఇదిగో బీరువా, నీకు అటక కూడా ఇచ్చేశా. ఇక నీ అంతుండదు," అంది.

నిజంగానే అంతు లేకుండా పోయింది. ఇల్లు అని ఒక ఫోల్డరు, అందులో వంటగది అని ఇంకోటి, అందులో కుళాయిలు, అందులో కారేవి, కారనివి. ఎందులో పెట్టాలో తెలియనివి అని కూడా ఒక ఫోల్డరు ఉండేది. దాంట్లో మళ్లీ ఐదారు అరలు. వాటన్నిటికీ పైన "మనిద్దరిదీ" అని ఒకటి. అది ఒక్కటే చెల్లెలితో షేర్ చేసింది. చెల్లెలు పెట్టిన ఈతకొలను ఫోటోలూ, అక్క పెట్టిన పాత పాటల లింకులూ అందులో కలగాపులగంగా ఉండేవి. కలగాపులగంగా ఉన్నా అద్దాలక్క సర్దకుండా వదిలేసిన ఫోల్డరు ఆమె జీవితంలో అదొక్కటే.

అన్నీ బాగానే ఉన్నాయి. చెల్లెలు పెళ్లి చేసుకుంటానంది. అబ్బాయి బస్సుల కంపెనీలో పనిచేస్తాడు, ఏ బస్సు ఎన్నింటికి ఎక్కడికి చేరాలో లెక్కలు కడతాడు. ఇందులో అనుమానించడానికి ఏముంది? ఏమీ లేదు. కానీ బీరువా ఊరుకుంటుందా? అబ్బాయి పేరు పెట్టి వెతికింది. చదివిన కాలేజీ, పాత ఉద్యోగం, అద్దెకున్న ఇళ్లు, స్నేహితులు ఎప్పుడో పెట్టిన ఫోటోలు, ఒక హోటల్ గురించి కూరలో ఉప్పెక్కువైందని అతను రాసిన నాలుగు ముక్కలు, అన్నీ ఏరి ఒక ఫోల్డర్లో పోగేసింది. ఇంతా చేస్తే దొరికిన ఘనమైన నేరం ఏమిటంటే, కంపెనీ ఆటల పోటీలో గోనెసంచిలో కాళ్లు పెట్టుకుని గెంతి మూడో బహుమతి తెచ్చుకున్న ఫోటో.

అంతటితో చెరిపేసి ఉంటే కథే లేదు. కానీ ఆవిడ పారెయ్యదు, సర్దుతుంది. ఒక ఆదివారం అటక మొత్తం సర్దుతూ, ఆ ఫోల్డరును ఎత్తి ఎక్కడో పెట్టబోయి "మనిద్దరిదీ"లో పడేసింది. షేర్ చేసిన ఫోల్డర్లో ఏది పడినా అవతలివాళ్లకి దానంతటదే కనిపిస్తుంది. ఆ సంగతి అద్దాలక్కకి తెలుసు. కానీ చెయ్యి జారింది చూసుకోలేదు. సాయంత్రం ఫోన్ మోగింది.

"నా పెళ్లికొడుకుని ఫైలు చేశావా బీరువా?"

"నీ మంచికేనే!"

"నా మంచి ఏ ఫోల్డర్లో ఉందో చెప్పు, నేనే తీసుకుంటా," అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

తర్వాత పెళ్లికి పిలుస్తూ ఒక మెసేజీ వచ్చింది. "రావాలనిపిస్తే రా," అని ఉంది. రావాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుని వెళ్లలేదు. అది మొదటి తప్పు కంటే పెద్ద తప్పు. ఆ తర్వాత ఫోన్ చేస్తే చెల్లెలు ఎత్తలేదు. నాలుగైదు సార్లు చేసి ఈవిడా మానేసింది. అలా ఏడేళ్లు.

అయితే చెల్లెలు ఒక పని చెయ్యలేదు. "మనిద్దరిదీ" నుంచి తన పేరు తీసేసుకోలేదు.

ఆ ఫోల్డర్లో ఏదైనా కొత్తది పెడితే పక్కన బూడిదరంగు చుక్క ఒకటి వస్తుంది. కాసేపటికి అది పచ్చగా మారుతుంది. అంటే అవతలివాళ్లు చూశారన్నమాట, అనుకుంది అద్దాలక్క. చెల్లెలి పెళ్లయ్యాక కొన్నాళ్లకి, భయం భయంగా, కుళాయి కారుతుంటే ఏం చెయ్యాలో చెప్పే ఒక పేజీ లింకు పెట్టింది. చెల్లెలికి కుళాయిలతో పనేమిటని అడక్కండి, ఏదో ఒకటి పెట్టాలి కదా. టీ కాచుకుని వచ్చేసరికి చుక్క పచ్చబడింది. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టేసి చాలాసేపు ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది. చెల్లెలు చూసింది. మాట్లాడదు, కానీ చూస్తుంది. ఇంకేం కావాలి?

అప్పట్నుంచి అదే ఆమె బతుకైపోయింది. నీళ్లతొట్టిలోంచి తప్పించుకుని పైపులో దూరిన ఆక్టోపస్ వార్త. ఈతకళ్లజోడు లోపల ఆవిరి పట్టకుండా చిట్కాలు. అమ్మ పాడే పాట ఒకటి, ఎవరో తెలియని గొంతులో. కిటికీ మీద వాలిన పిట్ట ఫోటో. పెట్టిన ప్రతిదీ పచ్చబడేది. దుకాణంలో డాక్టరమ్మ అడిగేది, "చెల్లెలు ఎలా ఉందక్కా?" అని. "బాగుంది, రోజూ మాట్లాడుకుంటాం," అనేది. అబద్ధం చెప్తున్నానని ఆమెకు అనిపించేది కాదు.

ఈ ఏడాది ఒక మామూలు మంగళవారం అటక నుంచి మెయిలొచ్చింది. నెలాఖరుకి సైటు మూసేస్తున్నారట. ఎవరివి వాళ్లు తమ కంప్యూటర్లోకి దించుకోవాలట. షేర్ చేసుకున్న ఫోల్డరును వేరే సైటుకి మార్చుకోవచ్చు గానీ, అందుకు రెండోవాళ్లు కూడా ఒప్పుకున్నామని ఒక బటన్ నొక్కాలట.

అద్దాలక్క వెంటనే చెల్లెలికి ఆ కోరిక పంపింది. "మీ అభ్యర్థన పంపబడింది," అని వచ్చింది. మర్నాడు చూసింది, జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు. ఈలోగా పెట్టిన లింకులు మాత్రం ఎప్పట్లాగే నిమిషాల్లో పచ్చబడుతున్నాయి. అంటే రోజూ అక్కడికి వస్తోంది. చూస్తోంది. బటన్ మాత్రం నొక్కడం లేదు.

"ఇంత పంతమా నీకు?" అని స్క్రీన్ వైపు చూసి అంది. ఆ వారమంతా దుకాణంలో అందరి మీదా కస్సుబుస్సులాడింది. ఒక ముసలాయన అద్దం అంచు కాస్త ఎక్కువ అరగదీసి పాడు చేసింది. అటువంటిది ఎన్నడూ జరగలేదు. డాక్టరమ్మ ఏమీ అనకుండా కొత్త అద్దం తెప్పించింది. ఏమీ అనకపోవడంతో అద్దాలక్కకి ఇంకా సిగ్గేసింది.

అలా సగం మనసుతో ఉన్న ఒక మధ్యాహ్నం, ఫ్రేములు పంపే కంపెనీ పేజీ లింకును దుకాణం ఫోల్డర్లో పెట్టబోయి "మనిద్దరిదీ"లో పెట్టింది. మళ్లీ అదే చెయ్యి, మళ్లీ అదే జారుడు. పైగా లింకు సగమే కాపీ అయింది, చివర తెగిపోయింది. నొక్కి చూస్తే ఏ పేజీ రాలేదు, అటువంటి చిరునామా లేదని వచ్చింది. తీసేద్దామని చూసేసరికి పక్కన చుక్క పచ్చగా ఉంది.

అద్దాలక్కకి ముందు నవ్వొచ్చింది. పాపం, నొక్కి ఏమీ రాక అక్కకి పిచ్చెక్కిందనుకుని ఉంటుంది. తర్వాత నవ్వు ఆగింది. ఇది పని చేసే సమయం. చెల్లెలు ఈ వేళప్పుడు నీళ్లలో ఉంటుంది, పాతికమంది పిల్లల మధ్య. నీళ్లలో ఉన్న మనిషి ఫోన్ ఎలా చూసింది?

పరీక్ష చెయ్యాలనిపించింది, చెయ్యొద్దనీ అనిపించింది. చేసింది. రెండు గంటల నిడివి ఉన్న ఒక వీడియో పెట్టింది. అందులో ఏమీ లేదు, వర్షం పడుతూ ఉంటుంది, అంతే. నిమిషంలో పచ్చ. అక్షరం ముక్క లేని ఖాళీ ఫైలు పెట్టింది. పచ్చ. అర్థం పర్థం లేని అక్షరాలు నొక్కి అదే లింకని పెట్టింది. అదీ పచ్చే.

సైటు వాళ్లకి రాసింది. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. పచ్చచుక్క అంటే అవతలి ఖాతా దాన్ని దించుకుందని అర్థం, మనిషి దించుకున్నా, దించుకోమని ముందే చెప్పిపెట్టిన కంప్యూటరు దించుకున్నా చుక్క ఒకటే, చూసిందీ లేనిదీ తమకు తెలియదు, తమ సేవలు వాడుకున్నందుకు ధన్యవాదాలు.

ఆవిడ ఆ జవాబును ఏ ఫోల్డర్లోనూ పెట్టలేదు.

ఏడేళ్లు. ఏడేళ్లుగా ఎక్కడో ఒక గదిలో, బల్ల కింద దుమ్ము పట్టిన ఒక కంప్యూటరు ఆవిడ పంపిన పిట్టల్నీ పాటల్నీ ఆక్టోపస్‌నీ నోరు మూసుకుని మింగుతోంది. రోజూ మాట్లాడుకుంటాం అని ఈవిడ చెప్పుకున్నది దాంతో. చెల్లెలు ఒక్కటైనా చూసిందో లేదో. అసలు అలాంటి ఫోల్డరు ఉందని గుర్తైనా ఉందో లేదో. చేతిసంచి ఎదుటి కుర్చీలో కూర్చుని ఉంది. దాన్ని తీసి నేల మీద పెట్టింది. ఖాళీ కుర్చీ ఇంకా ఘోరంగా కనిపించింది, తీసి మళ్లీ పెట్టింది.

మనిషి విరిగిపోవడం అంటే ఏదో శబ్దం వస్తుందనుకుంటారు. ఏమీ రాదు. మర్నాడు ఆవిడ ఎప్పట్లాగే వెళ్లి అద్దాలు అరగదీసింది. డాక్టరమ్మ చెల్లెలి గురించి అడిగితే, మొదటిసారి, "తెలియదు," అంది. డాక్టరమ్మ ఏదో అడగబోయింది. ఈలోపు అద్దాలక్క యంత్రం ఆన్ చేసేసింది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు అటక తెరిచింది. ఎటూ ఎవరూ చూడరు. ఎవరూ చూడరు కాబట్టి ఇన్నాళ్లూ రాయలేని మాట రాయడానికి అడ్డేమీ లేదనిపించింది. ఒక ఫైలు తెరిచి గబగబా రాసేసింది.

"ఇది నువ్వు చదవవని తెలిసే రాస్తున్నా. ఆ అబ్బాయిలో తప్పేమీ లేదే. నేను తప్పు వెతికింది నీ మంచికి కాదు. దొరికితే నువ్వు తిరిగొస్తావని. నిన్ను పెంచాను కాబట్టి నువ్వు నా బీరువాలో ఒక వస్తువువి అనుకున్నా. పెళ్లికి రావాలనిపించింది. బట్టలు కూడా సర్దుకున్నా. మన గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చా. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. ఇంతే."

ఫైలుకి ఏ పేరూ పెట్టకుండా అందులో పడేసింది. బూడిద చుక్క వచ్చింది. పచ్చబడటం చూడకుండా కంప్యూటరు కట్టేసింది. ఇక ఆ పచ్చ చూసే ఓపిక లేదు.

నెలాఖరు వచ్చింది. అటక మూతపడింది. ఆవిడ ఏమీ దించుకోలేదు. బీరువా అని పేరున్న మనిషి, తన సామాను మొత్తం వదిలేసుకుంది.

ఆ తర్వాత వారంలో, పొద్దున్నే ఎవరిదో చదువుకునే కళ్లజోడు చేస్తోంది. యంత్రం తిరుగుతోంది. బల్ల మీద ఫోన్ వెలిగి ఆరి, మళ్లీ వెలిగింది. చప్పుడులో వినపడలేదు గానీ వెలుగు కంటపడింది. తెలియని నంబరు. తడి చేతిని ఏప్రాన్‌కి తుడుచుకుని ఎత్తింది.

"ఆ మోత ఏంటి? ఏమీ వినపడట్లేదు. బీరువా, నువ్వేనా?"

అద్దాలక్క యంత్రం ఆపింది. అద్దం సగంలో ఉండిపోయింది.

"ఉన్నావా లేదా?"

"ఉన్నానే," అంది.

అవతల చెల్లెలు తన అలవాటు ప్రకారం నమస్కారాలూ కుశలప్రశ్నలూ లేకుండా సరాసరి విషయంలోకి వచ్చింది. "పెళ్లైన కొత్తలో నీ మీద మండిపోయి ఉన్నా. నువ్వు పెట్టేవి చూడబుద్ధి కాలేదు. తీసెయ్యబుద్ధీ కాలేదు. నువ్వు ఏది పెట్టినా దించి దాచమని ఇంట్లో కంప్యూటరుకి చెప్పి పెట్టా. తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఆ తర్వాత చూడాలంటే భయమేసింది. అంత కుప్ప పడింది కదా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మెయిల్ కూడా మార్చేశా, నువ్వు అడిగింది నాకు రాలేదు. మొన్న కంప్యూటరు ఏదో తప్పు చూపిస్తోందని ఆయన చూశారు. అటక మూసేశారు, మీ అక్క చివర్లో ఏదో రాశారు, చదువు, అని ఆయనే కూర్చోబెట్టి చదివించారు."

ఆయన అంటే గోనెసంచి ఆయన. తన మీద ఫైలు పెట్టిన వదినగారి ఉత్తరాన్ని పెళ్లాం చేత చదివించాడు. అద్దాలక్క కళ్లు మూసుకుంది.

"అన్నట్టు, సంచి ఫోటో మా దగ్గర ఇంకెక్కడా లేదు. అది దాచినందుకు థాంక్స్ చెప్పమన్నారు," అంది చెల్లెలు. నవ్వుతుందేమో అనుకుంది అద్దాలక్క. నవ్వలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"చెల్లీ..."

"ఆగు. నేను చెప్పాల్సింది అది కాదు. మొదట్నుంచీ చూస్తున్నా, రాత్రి భోజనాలయ్యాక రోజుకి కొన్ని. ఫోటోలూ ఫైళ్లూ బాగానే ఉన్నాయి. లింకులు మాత్రం చచ్చిపోయాయే. కంప్యూటరు లింకులు దాచింది గానీ లోపలి పేజీలు దాచలేదు. సగానికి సగం తెరుచుకోవట్లేదు. నువ్వు పెట్టిన పేర్లు మాత్రం మిగిలాయి. నేను టైముకి తెరవలేదు, అవి పోయాయి." చెల్లెలు ముక్కు తుడుచుకుని అంది, "వాటిలో ఏముందో నువ్వే చెప్పాలి. చెప్తావా?"

ముందు గదిలోంచి డాక్టరమ్మ తొంగిచూసింది, యంత్రం ఎందుకాగిందా అని. అద్దాలక్క మొహం చూసి తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. అద్దాలక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"చదువు," అంది.

"మొదటిది. కుళాయి కారుతుంటే."

"వాషరు మార్చడం ఎలాగో ఉంది అందులో."

"నాకెందుకు పెట్టావు?"

"నీక్కాదే. మన ఇంట్లో కారేది. ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. ఇంకెవరూ లేరు కదా చెప్పుకోడానికి."

చెల్లెలు ఊ అంది. కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "రెండోది. పైపులో దూరిన ఆక్టోపస్."

అద్దాలక్క ఆలోచించింది. ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే మనిషి చాలాసేపు ఆలోచించింది.

"అందులో ఏముందో గుర్తులేదే," అంది. "ఆ రోజు నాకు జ్వరం."

అవతల రాసుకుంటున్న చప్పుడు ఆగిపోయింది. లైను పోయిందేమోనని అద్దాలక్క ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"ఎన్ని రోజులుంది?" అని అడిగింది చెల్లెలు.